పాతకాలపు రూపమున్న లినక్స్‌ను రోజువారీ సిస్టమ్‌గా వాడుకోవడం ఎలా?

పాతకాలపు రూపమున్న లినక్స్‌ను సరదాకి ఒక పూట చూడటం వేరు. ఆఫీసు మెయిల్, బ్యాంకు లావాదేవీలు, వీడియో కాల్స్, ప్రింటింగ్ అన్నీ దాని మీదే నడపటం వేరు. రెండోది నిశ్చింతగా సాగాలంటే ఒక నియమాన్ని మొదటి నుంచీ వదలకుండా పట్టుకోవాలి. పాతగా కనబడాల్సింది కంటికి తగిలే పైభాగం మాత్రమే. కెర్నల్, బ్రౌజర్, డ్రైవర్లు, భద్రతా అప్‌డేట్లు ఈరోజువే అయి ఉండాలి. పాత ఇంటి చెక్కుడు తలుపులు అలాగే ఉంచి, లోపల వైరింగ్ అంతా కొత్తగా వేయించుకున్నట్టన్నమాట.

ఇక్కడ ప్యాకేజీలు, కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లోగానీ, ప్యాకేజీలు వేసుకునే సినాప్టిక్ ప్రోగ్రామ్‌లోగానీ వాటి ఇంగ్లీషు స్పెల్లింగే టైప్ చేయాలి.

అడుగు 1: ఏది వేసుకోవాలో తేల్చుకోండి

పాత రూపం మూడు దారుల్లో వస్తుంది. వాటి మధ్య తేడా తెలియకుండా ఎంచుకుంటే తర్వాత చిక్కులే.

మొదటిది, నిజంగానే పాతదైన డెస్క్‌టాప్‌ను ఇప్పటికీ నిర్వహిస్తూ రావడం. కేడీఈ అనే డెస్క్‌టాప్ 3.5 వరుసలో చివరి విడుదల 3.5.10, అది 2008లో వచ్చింది. దాన్ని వదిలేయకుండా 2010 నుంచి ట్రినిటీ డెస్క్‌టాప్ పేరుతో ముందుకు తీసుకొస్తున్నారు. క్యూ4ఓఎస్ అనే డిస్ట్రో (లినక్స్ కూర్పు) డెబియన్ పునాది మీద ఈ ట్రినిటీని పెట్టి ఇస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే.

రెండోది, ఇప్పటి డెస్క్‌టాప్‌కు పాత తొడుగు వేయడం. డెబియన్ లేదా జుబుంటు మీద ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టి, దానికి విండోస్ 95ను పోలిన చికాగో95 థీమ్ వేసుకోవచ్చు. థీమ్ పాడైతే ఒక్క క్లిక్‌తో మామూలు రూపానికి వెనక్కి రాగలగడం దీనిలోని పెద్ద సుఖం. మెషీన్ కొత్తదైతే, రెండు స్క్రీన్లు వాడుతుంటే ఈ దారి పట్టండి.

మూడోది, ఎవరో ఒకరిద్దరు థీములు, ఆటలు, వాల్‌పేపర్లు అన్నీ కలిపి కట్టిన రెడీమేడ్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఇమేజ్ ఫైల్). చూడ్డానికి ఇవే అందంగా ఉంటాయి, రోజువారీ వాడకంలో ఎక్కువ ప్రమాదమూ వీటితోనే. దిగేముందు మూడు విషయాలు చూడండి. దాని పునాది ఏ డిస్ట్రో, ఆ వెర్షన్‌కు ఇంకా మద్దతు ఉందా? ప్యాకేజీలు ఎక్కడి నుంచి రావాలో చెప్పే సోర్సెస్ జాబితాలో ఆ మూల డిస్ట్రో సెక్యూరిటీ రిపాజిటరీ నేరుగా ఉందా, లేక అన్నీ నిర్మాత సొంత సర్వర్ నుంచే వస్తున్నాయా? ఫైల్ మారలేదని పోల్చి చూసుకునేందుకు ఐఎస్ఓకు షా256 చెక్‌సమ్ ఇచ్చారా? రెండో ప్రశ్నకు సమాధానం తృప్తిగా లేకపోతే దాన్ని వర్చువల్ మెషీన్‌లో చూసి ఆనందించండి, అసలు డిస్క్ మీద మాత్రం వద్దు. దాని వాల్‌పేపర్లు, ఐకాన్లు తీసుకుని మామూలు డెబియన్ మీద పెట్టుకుంటే ఆ అందమూ దక్కుతుంది, అప్‌డేట్లూ ఆగవు.

32-బిట్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలర్, కెర్నల్ లేవు. డెబియన్ 12 మీద కట్టిన క్యూ4ఓఎస్ 5 ఇంకా నడుస్తుంది. కానీ క్రోమ్ 2016లోనే 32-బిట్ లినక్స్‌ను వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ మామూలు విడుదలలు కూడా 144తో ఆపేశాయి. అలాంటి మెషీన్‌ను రాత పనికి, పాటలకు, పాత ఆటలకు ఉంచుకోండి. బ్యాంకు పనికి వాడొద్దు.

అడుగు 2: మెషీన్ సరిపోతుందా

ట్రినిటీ తనకోసం వాడుకునే మెమరీ కొన్ని వందల ఎంబీ మాత్రమే. దీన్ని చూసి 1 జీబీ ర్యామ్ చాలనుకుంటే పొరపాటు. బరువంతా బ్రౌజర్‌ది. డెస్క్‌టాప్ ఎంత తేలికైనా వెబ్‌పేజీలు తేలిక కావు. 4 జీబీ ర్యామ్ ఉంటే పని నడుస్తుంది, 8 జీబీ ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు. 2 జీబీ మాత్రమే ఉంటే జడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, దాని సెట్టింగ్ ఫైల్‌లో పర్సెంట్ విలువ 50గా పెట్టి, మూడు నాలుగు ట్యాబ్‌లతో సరిపెట్టుకోవాలి. అది ర్యామ్‌లోని డేటాను కుదించి అక్కడే దాస్తుంది కాబట్టి డిస్క్ మీదికి స్వాప్ పోవడం తగ్గుతుంది.

హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు ఒక్క మార్పు మాత్రమే చేయగలిగితే, అది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అయి ఉండాలి. ర్యామ్ పెంచినా, థీమ్ మార్చినా అంత తేడా రాదు.

అడుగు 3: లైవ్ యూఎస్‌బీతో పరీక్ష

4 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఐఎస్ఓ దింపాక చెక్‌సమ్ పోల్చి చూసి, తర్వాతే బలేనా ఎచర్‌తోనో రూఫస్‌తోనో రాయండి. రూఫస్ మోడ్ అడిగితే డీడీ ఇమేజ్ ఎంచుకోండి. ఐఎస్ఓ మోడ్‌లో రాస్తే కొన్ని డిస్ట్రోలు బూట్ మధ్యలో ఆగిపోతాయి.

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఈ లైవ్‌లోకి వెళ్లాక మెనూ అందం చూస్తూ కూర్చోకండి. వైఫై, స్పీకర్, మైక్, కెమెరా, టచ్‌ప్యాడ్‌లో రెండు వేళ్ల స్క్రోలింగ్, బ్రైట్‌నెస్ కీలు, బయటి మానిటర్ ఒక్కొక్కటే చూడండి. చివరగా మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. నిద్ర నుంచి లేచాక స్క్రీన్ నల్లగానే ఉండిపోయినా, వైఫై పోయినా, ఆ మెషీన్‌కు కొత్త కెర్నల్ కావాల్సి రావచ్చు. అప్పుడు కొత్త వెర్షన్లను పాత విడుదలకు అందించే డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ నుంచి కెర్నల్ వేసుకోవాలి.

వైఫై అసలు కనబడకపోతే ముందు అది ఏ చిప్పో తెలుసుకోండి. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ చెబుతుంది. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది కాబట్టి ఇంటెల్ చిప్‌లు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు మాత్రం బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ ప్యాకేజీ విడిగా వేయాలి. దాన్ని దింపడానికే నెట్ కావాలి కదా, అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది.

అడుగు 4: ఇన్‌స్టాల్

విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే ముందు విండోస్‌లోనే మూడు పనులు చేయాలి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే విండోస్ పార్టిషన్ సగం నిద్రలో ఉండిపోయి, లినక్స్ నుంచి చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనీసం 40 జీబీ ఖాళీ చేయండి, హోమ్‌ను విడిగా పెట్టుకునేవాళ్లు ఇంకా ఎక్కువ.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోవడం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తరచూ వచ్చే చిక్కు. బయోస్‌లో స్టోరేజ్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉండటమే కారణం. ఏహెచ్‌సీఐకి మారిస్తే డిస్క్ కనబడుతుంది. అయితే విండోస్‌ను ముందుగా సేఫ్ మోడ్‌కు సిద్ధం చేయకుండా మారిస్తే విండోస్ బూట్ కాదు. ఆ వరస తెలుసుకున్నాకే చేయి పెట్టండి.

క్యూ4ఓఎస్ లైవ్ ఐఎస్ఓ కలమారెస్ ఇన్‌స్టాలర్ వాడుతుంది. డిస్క్ మొత్తం లినక్స్‌కే అయితే ఎరేజ్ డిస్క్ ఎంచుకుంటే చాలు. చేత్తో పంచుకునేవాళ్లు ఈఎఫ్ఐకి 512 ఎంబీ, రూట్‌కు 40 జీబీ, మిగిలిందంతా హోమ్‌కు ఇవ్వండి. హోమ్ విడిగా ఉంటే రేపు డిస్ట్రో మార్చినా ఫైళ్లు అలాగే ఉంటాయి. రూపాల కోసం డిస్ట్రోలు మార్చాలనిపించే వాళ్లకు ఇది చాలా అవసరం. బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ అయితే ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టండి. కలమారెస్ పద్ధతిలో పాస్‌వర్డ్‌ను సాధారణంగా గ్రబ్ (సిస్టమ్‌ను లేపే బూట్ లోడర్) దశలోనే అడుగుతారు, అక్కడ కీబోర్డ్ అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది. అందుకే ఆ పాస్‌వర్డ్‌లో లేఅవుట్‌ను బట్టి చోటు మారే గుర్తులు పెట్టొద్దు.

సెక్యూర్ బూట్‌ను డెబియన్ 10 నుంచే సమర్థిస్తోంది, ఆపేయక్కర్లేదు. ఎన్విడియా డ్రైవర్ లేదా పైన చెప్పిన బ్రాడ్‌కామ్ డ్రైవర్ వేసేవాళ్లు మాత్రం ఎంఓకే కీ (ఆ డ్రైవర్‌ను నమ్మమని సెక్యూర్ బూట్‌కు చెప్పే కీ) నమోదు చేయాలి. జుబుంటులో ప్యాకేజీ వేసేటప్పుడే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది; డెబియన్‌లో మోకుటిల్ కమాండ్‌తో కీని ఇంపోర్ట్ చేసినప్పుడు అడుగుతుంది. రీబూట్‌లో నీలి తెర వచ్చినప్పుడు ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే ఇవ్వాలి. ఆ తెరను పట్టించుకోకుండా దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు, కారణమూ ఎక్కడా స్పష్టంగా కనబడదు.

అడుగు 5: మొదటి గంట

క్యూ4ఓఎస్ మొదటిసారి లాగిన్ అయినప్పుడు డెస్క్‌టాప్ ప్రొఫైలర్ వస్తుంది. ఫుల్ ఫీచర్డ్ ఎంచుకుంటే ఆఫీసు, మీడియా అప్లికేషన్లన్నీ వస్తాయి; ప్యూర్ ఎంచుకుంటే దాదాపు ఖాళీ డెస్క్‌టాప్ ఇస్తుంది. మధ్యలో ఉన్న బేసిక్ తీసుకుని, కావాల్సినవి మీరే వేసుకోవడం మేలు. వెల్‌కమ్ స్క్రీన్‌లో కోడెక్‌లు (ఆడియో, వీడియో ఫైళ్లను విప్పేవి) వేసే బటన్, స్టార్ట్ మెనూ రూపాన్ని మార్చే బటన్ ఉంటాయి. ఆటోలాగిన్ బటన్ జోలికి వెళ్లకండి.

తర్వాత సుడో ఆప్ట్ అప్‌డేట్, సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ నడిపి రీబూట్ చేయండి. అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ వేస్తే భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడతాయి.

ఇప్పుడు బ్రౌజర్. ట్రినిటీతో కాంకరర్ వస్తుంది. ఫైల్ మేనేజర్‌గా అది చాలా గట్టిది, కిటికీని అడ్డంగా నిలువుగా చీల్చుకుని ఫైళ్లు అటూ ఇటూ లాగడానికి నేటి ఫైల్ మేనేజర్లలో సాటి తక్కువ. వెబ్‌కు మాత్రం వాడొద్దు. అందులోని కేహెచ్‌టీఎంఎల్ ఇంజిన్ ఇప్పటి సైట్లను సరిగా చూపలేదు, ఆ కోడ్‌తో బ్యాంకు సైట్‌లోకి వెళ్లడం క్షేమం కాదు. డెబియన్ రిపాజిటరీ నుంచి ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ వేసి, ట్రినిటీ కంట్రోల్ సెంటర్‌లోని కాంపొనెంట్ చూజర్‌లో దాన్నే డీఫాల్ట్ బ్రౌజర్ చేయండి. ఇది మర్చిపోతే మెయిల్‌లో ఏ లింక్ నొక్కినా కాంకరరే తెరుచుకుంటుంది. ట్రినిటీ పాత మెయిల్ క్లయింట్ విషయంలోనూ ఇదే మాట. పెద్ద మెయిల్ సేవలు ఇప్పుడు ఓఆత్2 (బ్రౌజర్ పేజీలో అనుమతి ఇచ్చే) లాగిన్ అడుగుతున్నాయి కాబట్టి థండర్‌బర్డ్ వాడండి.

అడుగు 6: అక్షరాలు, స్క్రీన్

పాత రూపం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

పాత సిస్టమ్‌లలోని అక్షరాలు బిట్‌మ్యాప్‌లు. ఒక్కో చుక్క లెక్కపెట్టి గీసినవి. వాటి కోసం పాత పీసీఎఫ్ ఫాంట్లు దింపి పెట్టుకుంటే జీటీకే (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) అప్లికేషన్లలో అసలు కనబడవు. అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీలో 2019లో వచ్చిన 1.44 నుంచి ఆ ఫార్మాట్‌కు మద్దతు తీసేశారు. అదే ఫాంట్ ఓటీబీ ఫార్మాట్‌లో దొరికితే పనిచేస్తుంది. పైగా డెబియన్ మామూలుగా బిట్‌మ్యాప్ ఫాంట్లను ఆపి ఉంచుతుంది; ఫాంట్‌కాన్ఫిగ్-కాన్ఫిగ్ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో మళ్లీ నడిపి, బిట్‌మ్యాప్ ప్రశ్నకు యెస్ అనాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే ఫాంట్స్-వైన్ ప్యాకేజీ వేయండి. అందులోని తహోమా లోపల చిన్న సైజులకు బిట్‌మ్యాప్‌లు ముందే ఉంటాయి, 8 లేదా 9 పాయింట్‌లో పాత రూపం దానంతటదే వస్తుంది.

అక్షరాల అంచులను నునుపు చేసే యాంటీ-ఏలియాసింగ్‌ను మొత్తానికే ఆపేయమని చాలాచోట్ల చెబుతారు. తెలుగు చదివేవాళ్లు ఆ పని చేయొద్దు. ఇంగ్లీషు ఫాంట్లలో గీతలను పిక్సెళ్లకు సర్దే హింటింగ్ ఉంటుంది కాబట్టి అంచులు పదునుగా వస్తాయి. మన అక్షరాల వంపులకు, తలకట్లకు, ఒత్తులకు అది సరిపడా ఉండదు. నునుపు ఆపగానే అక్షరాలు గరుకుగా విరిగిపోయినట్టు కనబడతాయి. ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ ఒక్క ఇంగ్లీషు ఫాంట్‌కే ఆపమని రాసి, మిగతావాటికి ఆన్‌లోనే ఉంచండి. తెలుగుకు ఫాంట్స్-నోటో-కోర్ గానీ ఫాంట్స్-లోహిత్-తెలు గానీ వేస్తే చాలు.

ట్రినిటీ సొంత అప్లికేషన్లు క్యూటీ3 అనే పాత లైబ్రరీ నుంచి వచ్చిన టీక్యూటీ మీద నడుస్తాయి. అక్షరాలను పేర్చే పద్ధతి అక్కడ పాతది. ట్రినిటీ టెక్స్ట్ ఎడిటర్ కేరైట్‌లో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞానం’ అనే మాటలు టైప్ చేసి చూడండి. ఒత్తులు చెదిరితే తెలుగు రాతకు మౌస్‌ప్యాడ్ లేదా లిబ్రేఆఫీస్ వాడండి, ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషులో పెట్టుకోండి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇండియన్ లేఅవుట్, తెలుగు వేరియంట్ చేర్చుకుంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసేవాళ్లు ఐబస్-ఎం17ఎన్ వేసి తెలుగు ఐట్రాన్స్ పద్ధతి ఎంచుకోవచ్చు.

ఇక పిక్సెళ్ల లెక్క. పాత థీమ్‌ల అంచులు, బటన్లు బొమ్మలుగా గీసి పెట్టినవి, అవి వాటంతటవి పెరగవు. 1366×768, 1920×1080 స్క్రీన్ల మీద బాగుంటాయి. 4కే స్క్రీన్ మీద మూసివేసే బటన్ బియ్యపుగింజంత అవుతుంది. ఎక్స్ఎఫ్‌సీఈలో విండో స్కేలింగ్ 2 పెడితే లోపలి బటన్లు పెరుగుతాయి, కిటికీ చుట్టూ ఉన్న చట్రం మాత్రం చికాగో95లాంటి థీమ్‌లలో సన్నగానే ఉండిపోవచ్చు. ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది. ఎక్స్‌రాండర్ కమాండ్‌లో స్కేల్ విలువ 0.5×0.5గా, ఫిల్టర్ నియరెస్ట్‌గా ఇవ్వండి. ప్రతి చుక్కా అచ్చంగా 2×2 గడిగా మారుతుంది, మసక రాదు, పాత థీమ్ ఉన్నదున్నట్టు పెద్దదవుతుంది. అక్షరాలు కూడా 1080 స్థాయికే దిగుతాయి, దానికి సిద్ధపడాలి.

ట్రినిటీ తెర మీద కిటికీలు చూపే పాత పద్ధతి ఎక్స్11 మీద మాత్రమే నడుస్తుంది, కొత్తదైన వేలాండ్ లేదు. అందుకే ఒక స్క్రీన్ 4కే, ఇంకోటి మామూలుది అయితే రెండింటికీ వేర్వేరు స్కేలింగ్ హాయిగా కుదరదు. ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌లో మీరు నొక్కే కీలను చూడగలదు. కాబట్టి నమ్మకంలేని చోట నుంచి తెచ్చిన చిన్నచిన్న పాత ప్రోగ్రాములను మీరు పాస్‌వర్డ్‌లు టైప్ చేసే యూజర్ ఖాతాలో నడపొద్దు.

వీడియో చూస్తుంటే బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తే కిటికీలను కలిపి ఒక్కసారిగా తెరకు పంపే కంపోజిటర్ ఆఫ్‌లో ఉందన్నమాట. ట్రినిటీలో వెల్‌కమ్ స్క్రీన్ నుంచి డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్, ఎక్స్ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ ట్వీక్స్‌లోని కంపోజిటర్ ఆన్ చేయండి. నీడలు, పారదర్శకత ఆపేసుకుంటే పాత రూపం చెడదు.

అడుగు 7: అప్లికేషన్లను ఆ రూపంలోకి తేవడం

కొత్త అప్లికేషన్లు టైటిల్‌బార్‌ను తామే గీసుకుంటాయి. దాంతో బూడిదరంగు కిటికీల మధ్య అవి పరాయిగా కనబడతాయి. చిన్న మార్పులతో చాలావరకు దారికొస్తాయి.

ఫైర్‌ఫాక్స్‌లో కస్టమైజ్ టూల్‌బార్ తెరిచి, కింద ఎడమ మూలన ఉన్న టైటిల్ బార్ గడిలో టిక్ పెట్టండి, డెస్క్‌టాప్ సొంత చట్రం వచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆల్వేస్ షో స్క్రోల్‌బార్స్ ఆన్ చేయండి. మిగతా జీటీకే3 అప్లికేషన్లలో స్క్రోల్‌బార్ దాక్కోకుండా ఉండాలంటే జీటీకే ఓవర్‌లే స్క్రోలింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 0 చేయాలి. ఎప్పుడూ కనబడే వెడల్పాటి స్క్రోల్‌బార్ రూపం కోసమే కాదు. పొడవైన పత్రంలో ఎక్కడున్నామో ఒక్క చూపులో చెబుతుంది, మౌస్‌తో పట్టుకోవడమూ తేలిక. లిబ్రేఆఫీస్‌లో వ్యూ మెనూలోని యూజర్ ఇంటర్‌ఫేస్‌కు వెళ్లి స్టాండర్డ్ టూల్‌బార్ ఎంచుకోండి.

హెడర్‌బార్ (తాము గీసుకున్న టైటిల్‌బార్) వదలని అప్లికేషన్ల కోసం జీటీకే3-నోసీఎస్‌డీ అనే చిన్న లైబ్రరీ ఉంది. కొన్ని ప్రోగ్రాములు దానితో ఆగిపోతాయి కాబట్టి సిస్టమ్ మొత్తానికి పెట్టకుండా, కావాల్సిన ప్రోగ్రామ్ లాంచర్‌లో మాత్రమే పెట్టండి. లిబ్‌అద్వైత అనే గ్నోమ్ లైబ్రరీతో కట్టిన కొత్త గ్నోమ్ అప్లికేషన్లు మాత్రం మీ థీమ్‌ను లెక్కచేయవు. వాటితో కుస్తీ పట్టేకన్నా వేరేవి ఎంచుకోవడం నయం. రాతకు జియానీ లేదా మౌస్‌ప్యాడ్, పీడీఎఫ్‌కు క్యూపీడీఎఫ్‌వ్యూ, వీడియోకు వీఎల్‌సీ, పాటలకు ఆడేషియస్. ఆడేషియస్ సెట్టింగ్స్‌లో విన్యాంప్ క్లాసిక్ ఇంటర్‌ఫేస్‌కు మారితే పాత విన్యాంప్ 2 స్కిన్‌లు నేరుగా పనిచేస్తాయి, ఎంతో అందమైన స్కిన్‌లు వాటిలో ఉన్నాయి.

ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా విడిగా కట్టిన ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్లు తమ గదిలో తాము నడుస్తాయి, హోమ్ ఫోల్డర్‌లోని థీమ్‌లు వాటికి కనబడవు. ఫైల్ తెరిచే పెట్టె రాకపోతే ఎక్స్‌డీజీ-డెస్క్‌టాప్-పోర్టల్-జీటీకే వేయండి. రూపం కలవకపోయినా ఫర్వాలేదనుకునే ఒకటి రెండు పెద్ద అప్లికేషన్లకే ఫ్లాట్‌ప్యాక్‌ను పరిమితం చేస్తే బాగుంటుంది.

అడుగు 8: శబ్దం, బ్లూటూత్, పాస్‌వర్డ్ పెట్టె

ట్రినిటీ వాల్యూమ్ ప్రోగ్రామ్ కేమిక్స్ శబ్దాన్ని ఆల్సా (అడుగునున్న సౌండ్ డ్రైవర్) స్థాయిలో చూస్తుంది. అందుకే అందులో వాల్యూమ్ నిండుగా ఉన్నా బ్లూటూత్ హెడ్‌సెట్ జాడే ఉండదు. పావూకంట్రోల్ వేసి శబ్దాన్ని అక్కడి నుంచే నడపండి. బ్లూటూత్‌కు బ్లూమన్ కావాలి. హెడ్‌సెట్ జతకలిసినా శబ్దం రాకపోతే ఒక ప్యాకేజీ తక్కువైందని అర్థం. సిస్టమ్ శబ్దాన్ని నడిపే సర్వర్ పైప్‌వైర్ అయితే లిబ్‌స్పా-0.2-బ్లూటూత్, పల్స్‌ఆడియో అయితే పల్స్‌ఆడియో-మాడ్యూల్-బ్లూటూత్ వేసి లాగౌట్ అయి రండి.

సాఫ్ట్‌వేర్ వేయబోతేనో, పెన్‌డ్రైవ్ పెడితేనో ఏమీ జరగకుండా ‘నాట్ ఆథరైజ్డ్’ అని వస్తే, పాస్‌వర్డ్ అడగాల్సిన పోల్‌కిట్ ఏజెంట్ నడవడం లేదు. ఎల్ఎక్స్‌పోల్‌కిట్ వేసి ఆటోస్టార్ట్‌లో పెట్టండి. ఫోన్ నుంచి ఫొటోలు దింపుకోవడానికి థునార్‌తో పాటు జీవీఎఫ్ఎస్-బ్యాకెండ్స్ ఉంటే కాంకరర్ ఇబ్బంది పెట్టినప్పుడు అక్కరకొస్తుంది.

ప్రింటర్ గత పదేళ్లలో కొన్నదైతే డ్రైవర్ వెతకొద్దు. కప్స్ (ప్రింటింగ్ నడిపే ప్యాకేజీ) ఉంటే నెట్‌వర్క్‌లో దానంతటదే కనబడాలి. స్కానర్‌కు సేన్-ఎయిర్‌స్కాన్ వేయండి.

అడుగు 9: వీడియో, బ్యాటరీ

పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ యూట్యూబ్ పెట్టగానే మోత మోగిస్తుంటే, సైట్ పంపే వీపీ9 లేదా ఏవీ1 వీడియోను గ్రాఫిక్స్ చిప్ విప్పలేక ఆ భారం ప్రాసెసర్ మీద పడుతోంది. వీఏఇన్ఫో కమాండ్ మీ చిప్ ఏ కోడెక్‌లు విప్పగలదో చూపిస్తుంది. ఇంటెల్‌లో బ్రాడ్‌వెల్ కన్నా పాతవాటికి ఐ965-వీఏ-డ్రైవర్, ఆ తరం నుంచి ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్ వేయాలి. తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై తరహా యాడ్-ఆన్ పెడితే సైట్ హెచ్264లోనే పంపుతుంది. 720 స్థాయిలో చూస్తే కోర్ 2 డుయో తరం మెషీన్‌కు కూడా ఊపిరాడుతుంది.

బ్యాటరీకి టీఎల్‌పీ ప్యాకేజీ వేసి వదిలేయండి, దాని మామూలు సెట్టింగ్సే చాలు. మూత మూసినప్పుడు రెండుసార్లు నిద్రపోవడం, లేవగానే మళ్లీ పడుకోవడం జరిగితే, సిస్టమ్ సేవ సిస్టమ్‌డీ-లాగిన్‌డీ, డెస్క్‌టాప్ పవర్ మేనేజర్ రెండూ ఒకే పని చేస్తున్నాయి. పవర్ మేనేజర్‌లో మూత సంగతి ‘ఏమీ చేయొద్దు’కు మార్చండి. స్క్రీన్‌సేవర్ పాతదే పెట్టుకోండి, లాక్ మాత్రం తప్పనిసరిగా ఆన్ చేయండి.

అడుగు 10: బ్యాకప్, తర్వాతి వెర్షన్‌కు వెళ్లడం

అన్నీ కుదిరిన రోజే టైమ్‌షిఫ్ట్ వేసి ఒక స్నాప్‌షాట్ (వెనక్కి రావడానికి సిస్టమ్ నకలు) తీయండి. అది నిల్వ చేసే డిస్క్ ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫార్మాట్‌లో ఉండాలి, ఎన్‌టీఎఫ్ఎస్ పెన్‌డ్రైవ్ మీద కుదరదు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, మీ పత్రాలు, ఫొటోలు అందులో ఉండవు. వాటికి బ్యాక్ ఇన్ టైమ్ లేదా డేజాడప్‌తో బయటి డిస్క్‌కు విడిగా బ్యాకప్ పెట్టాలి. థీమ్‌లు, ఐకాన్లు, ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్, ట్రినిటీ సెట్టింగ్‌లు హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాపు ఫోల్డర్లలో ఉంటాయి. బ్యాకప్ జాబితాలో అవి ఉన్నాయో లేదో ఒకసారి కళ్లతో చూడండి.

డెబియన్ దాదాపు రెండేళ్లకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది. పాత రూపం చెదిరేది ఎక్కువగా అప్పుడే. చికాగో95 దారిలో ఉన్నవాళ్లు అప్‌గ్రేడ్‌కు ముందు మామూలు గ్రేబర్డ్ లేదా అద్వైత థీమ్‌కు మారి, అప్‌గ్రేడ్ ముగించి, చికాగో95 తాజా ప్రతి దింపి మళ్లీ వేసుకోవాలి. పాత ప్రతిని అలాగే ఉంచితే కొత్త ప్యానెల్‌లో అక్షరాలు, నేపథ్యం ఒకే రంగులో కలిసిపోయి ఏదీ కనబడకపోవచ్చు.

ట్రినిటీ దారిలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. ట్రినిటీ ప్యాకేజీలు డెబియన్‌లో ఉండవు, వేరే రిపాజిటరీ నుంచి వస్తాయి. ఆ రిపాజిటరీ, డెబియన్ రెండూ ఒకే వెర్షన్ పేరుతో ఉండాలి. సోర్సెస్ జాబితాలో డెబియన్ వరసలను మాత్రమే కొత్త పేరుకు మార్చి ఫుల్-అప్‌గ్రేడ్ కొడితే, లైబ్రరీలు కలవక ఆప్ట్ డెస్క్‌టాప్ మొత్తాన్నీ తీసేయడానికి సిద్ధపడుతుంది. తీసేయబోయే ప్యాకేజీల జాబితాను అది ముందే చూపిస్తుంది. అందులో ట్రినిటీ పేర్లు కనబడితే వెంటనే ‘ఎన్’ నొక్కి బయటికి రండి. క్యూ4ఓఎస్‌లో ఆ డిస్ట్రో తన కొత్త విడుదలకు చెప్పిన పద్ధతినే పాటించండి. హోమ్ విడిగా పెట్టుకుని ఉంటే రూట్ పార్టిషన్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి కొత్త వెర్షన్‌ను తాజాగా వేసుకోవడం దానికన్నా త్వరగా తేలుతుంది. అలా వేసేటప్పుడు కలమారెస్‌లో హోమ్ పార్టిషన్‌కు మౌంట్ పాయింట్ ఇచ్చి ‘కీప్’ అని ఉంచండి, ‘ఫార్మాట్’ గుర్తు పడలేదని ఖాయం చేసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి. యూజర్ పేరు కూడా పాతదే ఇవ్వాలి. లాగిన్ అవగానే వాల్‌పేపర్ నుంచి స్క్రోల్‌బార్ దాకా మీరు అమర్చుకున్నవి చాలావరకు మళ్లీ అలాగే వస్తాయి. సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టిన ఫాంట్లు, థీమ్‌లు, విడిగా వేసుకున్న ప్యాకేజీలు మాత్రం మళ్లీ వేసుకోవాలి.